ఖమ్మం పేరుతో ఆపుతున్న టీకా

హెచ్‌పీవీ టీకా మాట ఎత్తగానే తెలుగునాట ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది: "ఖమ్మంలో ఆడపిల్లలు చనిపోయింది దానితోనే కదా!" బడి పంతుళ్ళు అంటారు, ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్ళూ అంటారు, ఆడవాళ్ళ హక్కుల కోసం ఏళ్ళ తరబడి నిలబడినవాళ్ళు కూడా అంటారు. అక్కడితో మాట ఆగిపోతుంది. పేదింటి గిరిజన పిల్లల చావు ప్రస్తావనకు వచ్చాక ఎదురు మాట్లాడడానికి ఎవరికీ నోరు రాదు. నేను మాట్లాడదలిచాను. ఆ పిల్లలకు జరిగిన అన్యాయం నిజం. దాన్ని చూపించి, టీకాయే వాళ్ళ ప్రాణాలు తీసిందని పదిహేనేళ్ళకు పైగా చెప్పుకుంటున్న మాట మాత్రం నిజం కాదు. ఆ మాట నమ్మి వెనక్కి తగ్గిన ఇళ్ళల్లో ఇప్పుడు పన్నెండేళ్ళున్న పిల్లలు, తప్పించుకోగలిగిన గర్భసంచి ముఖద్వార క్యాన్సర్‌ను నలభై అయిదో ఏట మోయాల్సి వస్తుంది.

జరిగింది ముందు జరిగినట్టు చెప్పుకుందాం. 2009 జూలైలో పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి అప్పటి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకు ఈ టీకా వేయించడం మొదలుపెట్టాయి. దాదాపు 14 వేల మంది పిల్లలు. వాళ్ళలో చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్ళలో ఉంటున్న గిరిజన పిల్లలు. మందు మెర్క్ కంపెనీ వారి గార్డసిల్. గుజరాత్‌లోని వడోదర జిల్లాలో ఇదే పని గ్లాక్సో వారి సెర్వారిక్స్‌తో జరిగింది. 2010 మార్చిలో ఢిల్లీకి చెందిన 'సమ' అనే మహిళా బృందం భద్రాచలం వచ్చి చూసింది. ఆ సూది దేనికో పిల్లలకు తెలియదు, కన్నవాళ్ళకు అసలే తెలియదు. మరణాల సంగతి బయటికొచ్చింది. ఏప్రిల్‌లో కేంద్రం కార్యక్రమాన్ని ఆపేసింది.

రెండు రాష్ట్రాల్లో కలిపి చనిపోయిన పిల్లలు ఏడుగురు, అందులో అయిదుగురు మన పిల్లలు. ఆ ఏడుగురూ ఎలా పోయారో చెప్పకుండానే మనవాళ్ళు ఆ అంకెను వాడుతూ వచ్చారు. ఒక అమ్మాయి క్వారీ గుంతలో మునిగిపోయింది. ఒక అమ్మాయిని పాము కరిచింది. ఇద్దరు పురుగుల మందు తాగారు. ఒకరికి మలేరియా ముదిరింది. మిగిలిన ఇద్దరిలో ఒకరిది కారణం తేలని జ్వరం, ఒకరిది మెదడులో రక్తస్రావమన్న అనుమానం. కేంద్రం వేసిన విచారణ సంఘం ఈ మరణాలకూ టీకాకూ సంబంధం కనిపించలేదని చెప్పింది. కార్యక్రమం నడిపిన తీరులో లోపాలున్నాయని చెప్పింది కూడా ఆ సంఘమే.

పురుగుల మందు తాగిన పిల్లల విషయంలో, టీకా వల్ల మనసు చెదిరి ఉంటుందని అనేవాళ్ళున్నారు. పల్లెల్లో ఆ వయసు పిల్లలు ఎందుకు ప్రాణం తీసుకుంటున్నారు, ఆ డబ్బా వాళ్ళ చేతికి అంత సులువుగా ఎందుకు అందుతోంది అనేది మనం నిలదీయాల్సిన ప్రశ్న. నేరాన్ని టీకా మీదికి నెట్టేశాక ఆ ప్రశ్న అడిగేవాళ్ళే లేకుండా పోయారు. మలేరియాతో ఏజెన్సీ పిల్ల చనిపోవడం గురించి అయితే ఒక్క ఊరేగింపూ జరగలేదు. వేల మంది పిల్లల్ని ఏడాది పాటు గమనిస్తే, టీకా వేసినా వేయకపోయినా, ఈ దేశంలో కొందరి చావు వార్త వినక తప్పదు. టీకా వల్లనే అని చెప్పాలంటే, వేసినవాళ్ళలో ఎంతమంది, వేయనివాళ్ళలో ఎంతమంది అని పోల్చాలి. డెన్మార్క్, స్వీడన్ దేశాల్లో దాదాపు 10 లక్షల మంది ఆడపిల్లల ఆరోగ్య రికార్డులు తీసి అలాగే పోల్చారు. 2013లో వచ్చిన ఆ ఫలితాల్లో నరాల జబ్బులు, రక్తం గడ్డకట్టడం, శరీరం తన మీద తానే తిరగబడే జబ్బులు టీకా వల్ల పెరిగాయనడానికి ఆధారం దొరకలేదు. 2017 నాటికి ప్రపంచమంతా 27 కోట్లకు పైగా డోసులు పడ్డాయి. అప్పటికి తేలిన తీవ్రమైన ప్రమాదం అలర్జీ షాక్, అది 10 లక్షల డోసులకు రెండుకు లోపు. చేయి నొప్పి, ఒక పూట జ్వరం, కొందరు పిల్లలు కళ్ళు తిరిగి పడిపోవడం మామూలుగా జరుగుతాయి. అందుకే సూది వేశాక పావుగంట కూర్చోబెట్టాలంటారు.

ఇక అన్యాయం సంగతి. దాన్ని ఒక్క పిసరు కూడా తగ్గించి చెప్పను. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన 72వ నివేదిక చదివితే మనసు మండుతుంది. ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించి చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలున్నాయి. 2,763 మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లు. కన్నతల్లి నాలుగు వాగుల అవతల గూడెంలో ఉండగా, పరిశోధనలో భాగంగా ఆమె బిడ్డకు వేసే సూదికి వార్డెన్ ఒప్పుకున్నాడు. ఆ హక్కు అతనికి ఎవరూ ఇవ్వలేరు. ప్రభుత్వమే ఉత్తర్వు రాసి ఇచ్చినా అది హక్కు కాదు. టీకా తర్వాత ఏదైనా జరిగితే నమోదు చేసే ఏర్పాటు సరిగా లేదు. మూడు మండలాల పిల్లలను ఎంచుకున్నప్పుడు వాళ్ళ తల్లిదండ్రులు ప్రశ్నించలేరన్న ధీమా అధికారుల మనసులో లేదని ఎవరైనా అంటే నేను నమ్మను. ఆ సంస్థలనూ ఆ అధికారులనూ నిలదీసినవాళ్ళు చేసింది సరైన పని.

వాళ్ళతో నాకు పేచీ ఆ తర్వాతి అడుగు దగ్గరే. చెప్పకుండా వేశారు కాబట్టి మందు చెడ్డదన్నారు. వార్డెన్ పెట్టిన సంతకం చెల్లదు, నిజమే. సంతకం చెల్లనంత మాత్రాన సీసాలోని మందు విషమైపోదు. ఖమ్మం నుంచి రావలసిన డిమాండు ఒకటే ఉంది: మా భాషలో, అవసరమైతే కోయ భాషలో చెప్పండి, మేం అడిగినవాటికి జవాబివ్వండి, ఆ తర్వాత వేయండి. ఆ డిమాండు పోయి "వేయొద్దు" మిగిలింది. ఎవరికి అన్యాయం జరిగిందో ఆ పిల్లల చెల్లెళ్ళకే మళ్ళీ నష్టం జరిగింది. డబ్బున్న ఇళ్ళు ఖమ్మం తర్వాత కూడా హైదరాబాద్, విజయవాడ ప్రైవేటు క్లినిక్కుల్లో డోసుకు వేలు పోసి తమ పిల్లలకు ఈ టీకా వేయించుకుంటూనే ఉన్నాయి. ఆగిపోయింది భద్రాచలం పిల్లలకే.

మనం ఆపిన 2010లోనే మన పక్కనున్న భూటాన్ ఆడపిల్లలందరికీ ఈ టీకా మొదలుపెట్టింది. మరుసటి ఏడాది రువాండా మొదలుపెట్టింది. మనకంటే పేద దేశం, అప్పటికి మారణహోమం చూసి ఇంకా ఇరవయ్యేళ్ళు కూడా కాని దేశం. మన దేశంలో ఒక రాష్ట్రం తెగించింది: 2018లో సిక్కిం 9 నుంచి 14 ఏళ్ళ పిల్లల్లో నూటికి 95 మందికి పైగా టీకా వేసింది. ముందు తల్లిదండ్రులతో, బళ్ళతో మాట్లాడింది, తర్వాతే సూది పట్టింది. ఖమ్మంలో చేయనిది సరిగ్గా ఇదే.

2010 ఏప్రిల్ ఉత్తర్వు ఖమ్మంతో సంబంధం లేని మరో అధ్యయనాన్ని కూడా ఆపేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మన దేశంలో వేర్వేరు కేంద్రాల్లో 10 నుంచి 18 ఏళ్ళ ఆడపిల్లలకు రెండు డోసులు చాలా, మూడు కావాలా అని అప్పట్లో పరీక్షిస్తోంది. మధ్యలో ఆగిపోవడంతో 17 వేల మందికి పైగా పిల్లల్లో దాదాపు 5 వేల మందికి ఒక్క డోసే పడింది. పరిశోధకులు వాళ్ళను వదిలేయలేదు, పదేళ్ళు వెంట ఉండి చూశారు. క్యాన్సర్ తెచ్చే 16, 18 రకాల హెచ్‌పీవీ వైరస్ ఒంట్లో తిష్ఠ వేయకుండా ఆపడంలో ఒక్క డోసు కూడా మూడు డోసులంత పనిచేసిందని, రక్షణ నూటికి 95 వరకూ ఉందని 2021లో తేలింది. 2022 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క డోసుతో కూడా సరిపెట్టుకోవచ్చని దేశాలకు చెప్పడం వెనక ఈ మన ఆడపిల్లల రక్తపరీక్షలు, ఇతర పరీక్షలు ఉన్నాయి. టీకా విదేశాల్లో పనిచేస్తుందేమో, మన ఒంటికి పడుతుందని ఏమిటి నమ్మకం అని అడిగేవాళ్ళకు ఇంతకంటే దగ్గరి జవాబు లేదు.

ఖమ్మం మాట వెనక ఇంకో మాట ఉంది. దాన్ని సభల్లో అనరు. బడిలో మీటింగ్ అయ్యాక గేటు దగ్గర, ఇంటికొచ్చాక వంటింట్లో అంటారు: "అది శారీరక సంబంధాల వల్ల వచ్చే జబ్బంట. మా అమ్మాయికి పన్నెండేళ్ళండీ. మేం అలాంటివాళ్ళం కాదు." నన్నడిగితే ఖమ్మం కంటే పెద్ద అడ్డు ఇదే. ఖమ్మం పేరు చెప్పేవాళ్ళలో సగం మందికి అది గౌరవంగా కనిపించే సాకు, అసలు భయం ఇక్కడుంది.

హెచ్‌పీవీ చెడునడత జబ్బు అనుకోవడంలోనే తప్పుంది. ఈ వైరస్‌లో 200కు పైగా రకాలున్నాయి. చేతి మీద పులిపిర్లు తెచ్చేవి కూడా వీటిలోవే. జననాంగాల చర్మం, పొరలు తాకడం వల్ల వ్యాపించే రకాల్లో 14 దాకా క్యాన్సర్ తేగలవు. కండోమ్ కొంత ఆపుతుంది, పూర్తిగా ఆపలేదు. దాంపత్య జీవితం ఉన్న ఆడామగల్లో అత్యధికులకు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇది సోకుతుంది, నొప్పి ఉండదు, గుర్తు ఉండదు, సోకిందని కూడా తెలియదు. పదింట తొమ్మిది సార్లు రెండేళ్ళలో ఒళ్ళే దాన్ని వెళ్ళగొడుతుంది. వెళ్ళకుండా గర్భసంచి ముఖద్వారం దగ్గర మిగిలిపోయినప్పుడు కణాలు మెల్లగా మారుతూ 15, 20 ఏళ్ళకు క్యాన్సర్ అవుతుంది. భర్త తప్ప మరొకరిని ఎరగని స్త్రీకి ఇది రావడానికి ఆ భర్త చాలు. అతనికి ఎక్కడ సోకిందో అతనికీ తెలియకపోవచ్చు. మన క్యాన్సర్ ఆసుపత్రుల వరండాల్లో ఈ జబ్బుతో కూర్చున్న ఆడవాళ్ళను చూడండి. కూలికి పోయి, పిల్లల్ని పెంచి, పెళ్ళిళ్ళు చేసి, మనవల్ని ఎత్తుకున్నవాళ్ళు. వాళ్ళను "అలాంటివాళ్ళు" అనే నోరు ఎవరికుంది? పైగా ముప్పును పెంచేవాటిలో చిన్న వయసు కాపురం, వరస కాన్పులు ఉన్నాయి. పరువు పోతుందని పదహారో ఏటే పిల్ల మెడలో తాళి కట్టించిన ఇల్లు ఆమెను ఈ వైరస్‌కు ఇంకా ముందే అప్పగిస్తోంది.

పన్నెండేళ్ళకే ఎందుకంటే, ఈ టీకా రాబోయే వైరస్‌ను ఆపుతుంది గానీ అప్పటికే లోపల ఉన్నదాన్ని తీసేయలేదు. ఆ వయసు పిల్లల్లో రక్షణ కూడా పెద్దవాళ్ళలో కంటే గట్టిగా తయారవుతుంది. వేస్తే పిల్లలు చెడిపోతారన్న మాటనూ పరీక్షించారు: టీకా వేసుకున్న, వేసుకోని అమెరికా అమ్మాయిల వైద్య రికార్డులను మూడేళ్ళ దాకా పోల్చి 2012లో ఫలితం ప్రకటించారు, గర్భాల్లో గానీ లైంగిక వ్యాధుల్లో గానీ తేడా రాలేదు. అంత దూరం కూడా పోనక్కర్లేదు. హెపటైటిస్-బి కూడా లైంగికంగా వ్యాపించే వైరసే. దాని టీకాను మన ప్రభుత్వాసుపత్రుల్లో బిడ్డ పుట్టిన 24 గంటల్లో వేస్తున్నారు. పొత్తిళ్ళలో బిడ్డ శీలం గురించి ఏ తల్లీ బెంగపడలేదు, పడనక్కర్లేదు కూడా. ఆడపిల్లకు వేసే ఈ ఒక్క సూదికి మాత్రం శీలపరీక్ష ఎందుకు పెడుతున్నాం?

సిగ్గుతో ఈ జబ్బు గురించి పాటించే మౌనానికి మన రెండు రాష్ట్రాల్లో ఇంకో వెల కూడా చెల్లిస్తున్నాం. గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళ శాతం దేశంలోనే ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందు వరసలో ఉన్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు వరసగా చెబుతున్నాయి. తెల్లబట్ట అవుతోందని, నడుం నొప్పి అని ముప్పై అయిదేళ్ళ కూలీ మనిషి ప్రైవేటు ఆసుపత్రికి వెళ్తుంది. "పుండు పడింది, ఉంచితే క్యాన్సర్ అవుతుంది" అంటారు. పొలం తాకట్టు పెట్టి ఆపరేషన్ చేయించుకుంటుంది. ఆ క్యాన్సర్‌కు కారణం ఒక వైరస్ అని, దానికి పరీక్ష ఉందని, మందుల షాపులో దొరికే టీకా ఉందని ఆమెకు ఎవరూ చెప్పరు. హరాల్డ్ జుర్ హౌసెన్ అనే జర్మన్ శాస్త్రవేత్త 16వ రకాన్ని 1983లో, 18వ రకాన్ని మరుసటి ఏడాది కణుతుల్లో పట్టుకున్నాడు. అందుకు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. 40 ఏళ్ళ కిందటి ఆ జ్ఞానం మన పల్లె ఆడవాళ్ళకు చేరకముందే క్యాన్సర్ భయం చేరి, వాళ్ళ గర్భసంచులు తీసుకుపోయింది. టీకాకు వ్యతిరేకంగా రాసిన చేతులు ఈ అనవసర ఆపరేషన్ల మీద అందులో పదో వంతు రాసి ఉంటే ఎంత బాగుండేది!

పిల్లలు పుట్టరన్న భయం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఈ టీకాలో బతికున్న వైరస్ గానీ దాని జన్యుపదార్థం గానీ లేవు. బియ్యం తీసేశాక మిగిలే వరిపొట్టు లాగా వైరస్ పైతొడుగు ప్రోటీన్ మాత్రమే ఉంటుంది. అది మొలవదు. సంతాన భాగ్యాన్ని తీసేది క్యాన్సర్, దానికి చేసే ఆపరేషన్, పల్లెల్లో కరెంటు పెట్టడం అనే రేడియేషన్.

కంపెనీల లాభాపేక్ష గురించి అనేవాళ్ళతో నేను ఏకీభవిస్తాను. మెర్క్, గ్లాక్సో ధర్మసత్రాలు కావు, ఖమ్మంలో, వడోదరలో ఉచితంగా ఇచ్చింది మార్కెట్ కోసమే. అయితే ఈ వాదన ఎటు దారి తీయాలి? పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ సెర్వావ్యాక్ అనే టీకాను తయారు చేసింది. 2022 జూలైలో దానికి అనుమతి వచ్చింది. బయట మార్కెట్‌లో డోసు 2,000 రూపాయలకు వచ్చింది. కూలి మనిషికి అది కూడా భారమే. లాభాలను ద్వేషించేవాళ్ళు ప్రభుత్వమే టోకున కొని ప్రతి బడిలో, ప్రతి పీహెచ్‌సీలో ఊరికే వేయమని అడగాలి. టీకానే వద్దంటే కంపెనీకి పోయేదేమీ లేదు, దానికి కొనేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు.

ఈ క్యాన్సర్ మన దేశంలో దానంతటదే తగ్గుతోంది కదా, టీకా ఎందుకు అనే వాదన మాత్రం బరువైనది. తగ్గుతున్న మాట వాస్తవం. పెళ్ళి వయసు పెరిగింది, కాన్పులు తగ్గాయి. అంత తగ్గాక కూడా 2022లో మన దేశంలో సుమారు 1,27,000 మంది స్త్రీలకు కొత్తగా ఈ క్యాన్సర్ వచ్చింది, దాదాపు 80 వేల మంది చనిపోయారు. అంటే ఆరేడు నిమిషాలకు ఒకరు. ఇంకో రెండు తరాలు ఆగితే ఇంకా తగ్గుతుందని ఎవరితో చెబుతాం? టీకా వేసిన చోట ఏమైందో చూడండి. ఇంగ్లండ్‌లో 12, 13 ఏళ్ళకు వేసుకున్న తరంలో ఈ క్యాన్సర్ 87 శాతం తగ్గిందని 2021లో తేలింది. స్కాట్లండ్‌లో ఆ వయసులో వేసుకున్న అమ్మాయిల్లో ఒక్కరికి కూడా ఈ క్యాన్సర్ రాలేదని 2024లో ప్రకటించారు. భయపడి ఆగిన దేశం కూడా ఒకటుంది. జపాన్ 2013 జూన్‌లో పత్రికల గోలకు జడిసి ఈ టీకాను ప్రజలకు సిఫారసు చేయడం మానుకుంది. నూటికి 70 మంది వేసుకుంటున్నచోట ఒకరు కూడా వేసుకోని పరిస్థితి వచ్చింది. ఎన్ని పరిశీలనలు చేసినా పత్రికలు రాసిన లక్షణాలకు టీకా కారణమని తేలలేదు. 2022 ఏప్రిల్‌లో మళ్ళీ మొదలుపెట్టి, మధ్యలో తప్పిపోయిన తరాన్ని వెతికి మరీ పిలిచారు. మన దేశమంతటా ఆ పిలుపు అప్పటికి మొదలవలేదు.

మగపిల్లల సంగతి కూడా చెప్పాలి. గొంతు, మలద్వారం, పురుషాంగం క్యాన్సర్లలో కొన్ని ఈ వైరస్ వల్లే వస్తాయి. ఆస్ట్రేలియా 2013 నుంచి అబ్బాయిలకూ వేస్తోంది. స్తోమత ఉన్నవాళ్ళు కొడుకుకూ వేయించండి. వైరస్‌ను ఇంటికి తెచ్చేవాడిని వదిలేసి కోడలిని అనుమానించే ఆచారం అలాగైనా కొంత తగ్గుతుంది.

టీకాకు వయసు దాటిపోయిన ఆడవాళ్ళ గురించి రెండు పక్షాలూ మాట్లాడడం లేదు. బడికి పిల్లను తీసుకొచ్చే తల్లికి ముప్పై అయిదో నలభయ్యో ఉంటాయి. ముప్పు ఇప్పుడు ఆమెదే. 30 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో జీవితంలో ఒక్కసారైనా ఈ క్యాన్సర్ పరీక్ష చేయించుకున్నవాళ్ళు దేశంలో నూటికి ఇద్దరు కూడా లేరని 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. మహారాష్ట్ర ఉస్మానాబాద్ జిల్లా పల్లెల్లో లక్షా 30 వేల మంది స్త్రీల మీద జరిగిన అధ్యయనంలో, ఒకే ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసి అవసరమైనవారికి వైద్యం చేస్తే ఎనిమిదేళ్ళలో ఈ క్యాన్సర్ మరణాలు దాదాపు సగానికి తగ్గాయని 2009లోనే తేలింది. ఆ పరీక్షకు డబ్బు లేదంటే, పలచటి ఎసిటిక్ ఆమ్లం రాసి నిమిషం ఆగి చూసే పరీక్ష ఉంది, దానికి యంత్రం కూడా అక్కర్లేదు, శిక్షణ పొందిన నర్సు చాలు. భద్రాచలంలోనైనా, తిరుమలాయపాలెంలోనైనా టీకా శిబిరం పెట్టే రోజున పక్క గదికి తెర కట్టి, ఒక నర్సును కూర్చోబెట్టి, పిల్లల వెంట వచ్చిన తల్లులకు ఆ పరీక్ష చేయాలి. తెల్లమచ్చ కనిపించినవాళ్ళను మళ్ళీ ఎప్పుడో రమ్మని పంపేస్తే కూలి పోగొట్టుకుని వాళ్ళు రాలేరు. కాల్చి తీసేయదగిన మచ్చ అయితే అదే పూట తీసేసి ఇంటికి పంపాలి, అనుమానంగా ఉంటే పెద్దాసుపత్రికి వెళ్ళడానికి బండి, వెంట ఒక ఆశా కార్యకర్త కూడా ఆ రోజే సిద్ధంగా ఉండాలి.